పాత ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్: ముందు ఎడమ ఛానెల్ ఒక్కటే

మొదటి ఆదివారం

1970ల తొలినాళ్ల పవర్ యాంప్లిఫయర్ ఒకటి నా బల్ల మీదికి చేరింది. 8 ఓమ్‌ల స్పీకరుకు ఛానెల్‌కు 40 వాట్లు. మూత తీసి చూస్తే లోపల ఎవరూ చెయ్యి పెట్టిన జాడ లేదు, టంకాలన్నీ తయారైననాటివే. నాకు ఇదే కావాలి. పాత యాంప్లిఫయర్ల శబ్దంలో ఏదో మెత్తదనం ఉంటుందని చాలామంది అంటారు. ఆ మెత్తదనంలో డిజైన్ వాటా ఎంత, ఇన్నేళ్లుగా ఎండిపోయిన విడిభాగాల వాటా ఎంత అన్నది తేల్చుకోవాలని నాకు చాలాకాలంగా ఉంది.

అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. ముందు ఎడమ ఛానెల్ ఒక్కటే బాగుచేస్తాను, కుడిదాన్ని ముట్టుకోను. మోనో రికార్డింగు ఒకటే రెండింటికీ ఇచ్చి, ఒకే స్పీకరును అటూ ఇటూ మార్చి వింటాను. విద్యుత్ సరఫరా రెండింటికీ ఉమ్మడి కాబట్టి దాని జోలికి ఇప్పుడే పోను.

ఇన్నేళ్లు మూలన పడి ఉన్నదాన్ని నేరుగా మెయిన్స్‌కు తగిలించకూడదు. 60 వాట్ల పాతరకం తంతు బల్బును వరుసలో కలిపి స్విచ్ వేశాను. బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి, మెల్లగా ఎర్రబారి, దాదాపు ఆరిపోయింది. అంటే లోపల ఎక్కడా షార్ట్ లేదు. బల్బు తీసేశాక సరఫరా 60 వోల్టులు ఉంది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల నడిమి బిందువు అందులో సరిగ్గా సగం ఉండాలి. ఎడమవైపు 29.4, కుడివైపు 27. కుడివైపు వాల్యూమ్ పెంచితే తరంగం ఒక పక్కనే ముందుగా తెగుతుందన్నమాట.

విన్నాను. మెత్తగానే ఉంది. బేస్ మాత్రం వదులుగా ఉంది, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఖాళీ లేదు. సన్నగా పెట్టి వింటే గొంతు మీద గరుకు వినిపిస్తోంది. పియానో స్వరం ఆరిపోయే చోట ఆ గరుకు మరీ స్పష్టం.

రెండో ఆదివారం

సర్క్యూట్ గీసుకున్నాను. ఇది క్వాసీ కాంప్లిమెంటరీ ఔట్‌పుట్, 1956లో ఇంజినీరు హెచ్.సి. లిన్ ప్రచురించిన పద్ధతి. తరంగం పైసగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కిందిసగాన్ని ఇంకొకటి నడుపుతాయి. మామూలుగా ఒకటి ఎన్‌పీఎన్, రెండోది దానికి ఎదురు ధ్రువత్వం ఉన్న పీఎన్‌పీ. ఆ రోజుల్లో మంచి పీఎన్‌పీ సిలికాన్ పవర్ ట్రాన్సిస్టర్లు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. అందుకే పైసగానికీ కిందిసగానికీ ఎన్‌పీఎన్‌లే వాడి, కిందివైపు డ్రైవర్‌గా చిన్న పీఎన్‌పీని పెట్టేవారు. పైవైపు సంకేతం రెండు బేస్-ఎమిటర్ జంక్షన్లు దాటాలి, కిందివైపు ఒక్కటే. తరంగం సున్నా దాటే చోట రెండు సగాలూ ఒకేలా అతకవు. దీన్ని సరిచేయడానికి ఒక డయోడ్ చేర్చవచ్చని ఇంజినీరు పీటర్ బాక్సాండాల్ 1969లో చూపించారు. నా దాంట్లో ఆ డయోడ్ లేదు. చేర్చాలని చెయ్యి దురద పెట్టింది కానీ, చేరిస్తే నేను వినేది ఈ యాంప్లిఫయర్‌ని కాదు.

ముందు బయాస్ చూశాను, అంటే పాట లేనప్పుడు కూడా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండా పారాల్సిన చిన్న కరెంటు. 0.33 ఓమ్‌ల ఎమిటర్ రెసిస్టర్ మీద 6.6 మిల్లీవోల్టులు ఉండాలి, అంటే 20 మిల్లీయాంపులు. ఎడమవైపు 0.5 మాత్రమే ఉంది. దాన్ని సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్‌ను, ప్రీసెట్‌ను, విప్పి భూతద్దం కింద పెట్టాను. కార్బన్ పట్టీ మీద ముల్లు ఆనే చోట సన్నటి గాడి, గాడి పక్కన నల్లటి పొడి. వేలితో తాకితే చాలు, మీటరు అంకె గెంతుతోంది.

ఇలాంటి సర్క్యూట్ ఉన్నవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇక్కడ బయాస్ డయోడ్లతో వరుసలో ప్రీసెట్ ఉంది. ముల్లు పట్టు తప్పితే బయాస్ తగ్గదు, అమాంతం పెరుగుతుంది, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు క్షణాల్లో కాలిపోతాయి. కొత్త ప్రీసెట్‌కు అడ్డంగా ఒక స్థిర రెసిస్టర్‌ను కూడా కలిపి టంకం వేశాను. ముల్లు విడిపోయినా కరెంటు ఒక హద్దు దాటదు. అరగంట వేడెక్కనిచ్చి 6.6 దగ్గర నిలిపాను. గరుకు అక్కడికక్కడే పోయింది.

తరవాత ఔట్‌పుట్ కెపాసిటర్, స్పీకరుకు డీసీ వెళ్లకుండా ఆపేది. ఈ కాలపు డిజైన్లలో ఇది మామూలే, 1967లో వచ్చిన క్వాడ్ 303 యాంప్లిఫయర్‌లోనూ ఉంది. పైన 2200 మైక్రోఫారడ్లని రాసి ఉంది, కొలిస్తే 1350. బేస్ వదులుగా ఉండడానికి ఇదే కారణమనుకున్నాను. లెక్క వేస్తే 8 ఓమ్‌ల దగ్గర కింది స్వరాల కోత మొదలయ్యే హద్దు 9 హెర్ట్జ్ నుంచి దాదాపు 15కు జరిగిందంతే, చెవికి పెద్దగా అందే తేడా కాదు. అసలు దోషం దాని లోపలి నిరోధంలో ఉంది, 0.9 ఓమ్‌లు. ఈ సర్క్యూట్‌లో ఫీడ్‌బ్యాక్‌ను (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు దిద్దే ఏర్పాటును) కెపాసిటర్‌కు ముందే తీసుకున్నారు, కాబట్టి ఆ నిరోధాన్ని సరిదిద్దే నాథుడు లేడు. డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకరు నిరోధానికీ దాన్ని నడిపేవైపు నిరోధానికీ నిష్పత్తి) 9కి మించదు, స్పీకరు కోను ఆగాల్సిన చోట ఆగదు. కొత్త కెపాసిటర్ నిరోధం 0.04 ఓమ్‌లు.

(కెపాసిటర్ మీద చెయ్యి వేసే ముందు 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో అరనిమిషం ఖాళీ చేయండి. స్విచ్ ఆపినంత మాత్రాన అందులోని 30 వోల్టులు ఎక్కడికీ పోవు.)

ఒక బుధవారం రాత్రి

కొలతలకు స్పీకరు బదులు 8 ఓమ్‌ల డమ్మీ లోడ్, వోల్టేజీ తగ్గించడానికి 10 కిలో ఓమ్ - 1 కిలో ఓమ్ విభాజకం, 192 కిలోహెర్ట్జ్ సౌండ్ కార్డ్. 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 1 వాట్‌కు డిస్టార్షన్ (అసలు సంకేతంలో లేని వికృతి): ముట్టుకోకముందు ఎడమ 0.7 శాతం, ఇప్పుడు 0.08. ముట్టుకోకముందు 20 వాట్లకు మాత్రం 0.15 శాతమే ఉండేది. శబ్దం తగ్గేకొద్దీ డిస్టార్షన్ పెరిగిందంటే బయాస్ లేమి అనే అర్థం. పూర్తి పవర్ దగ్గర మాత్రమే కొలిచి యాంప్లిఫయర్ బాగుందనుకోవడం నాకు అందుకే నచ్చదు. మనం వినేది ఎక్కువగా ఒక వాట్ లోపే.

10 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం ఇప్పటికీ 0.4 శాతం. ఇది ముసలితనం కాదు, పుట్టుక. ఆనాటి పవర్ ట్రాన్సిస్టర్లు నిదానం, పై పౌనఃపున్యాల దగ్గర ఫీడ్‌బ్యాక్‌కు బలం చాలదు. వేగమైన కొత్తరకం ట్రాన్సిస్టర్లు వేస్తే అంకె తగ్గవచ్చు. కానీ కాంపెన్సేషన్‌ను (ఫీడ్‌బ్యాక్ అదుపు తప్పకుండా చూసే భాగాలను) ఆ నిదానానికి తగ్గట్టు కట్టారు, కొత్తవి వేస్తే సర్క్యూట్ తనంతట తానే ఆసిలేట్ అయ్యే ప్రమాదం ఉంది. పాతవే ఉంచాను.

నాలుగో ఆదివారం

రెండు వారాలు అటూ ఇటూ మార్చి విన్నాక కుడివైపు కూడా అదే పని మొదలుపెట్టాను. నడిమి బిందువు ఒక రెసిస్టర్ మార్చగానే 30కి వచ్చింది. ట్రాన్సిస్టర్ల కింద వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే పేస్టు ఎండిన సున్నంలా రాలింది. తుడిచి, ట్రాన్సిస్టర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య కరెంటును ఆపే కొత్త అభ్రకం రేకులు వేసి, స్క్రూలు బిగించి, మళ్లీ వరుస బల్బుతో స్విచ్ వేస్తే బల్బు పూర్తిగా వెలిగి అలాగే ఉండిపోయింది. విప్పి చూస్తే హీట్‌సింక్ రంధ్రం అంచున లోహపు ముల్లు ఒకటి అభ్రకాన్ని చీల్చి ట్రాన్సిస్టర్ ఒంటికి తగులుతోంది. ఆ వరుస బల్బు లేకపోతే సరఫరా ఏమయ్యేదో. గరుకు కాగితంతో అంచు నున్నగా రుద్ది, ఈసారి బిగించాక మీటరుతో షార్ట్ లేదని చూసుకున్న తరవాతే స్విచ్ వేశాను.

ఇప్పుడు రెండు ఛానెళ్లూ ఒకేలా ఉన్నాయి. బేస్ గట్టిపడింది, గొంతు శుభ్రపడింది. పై స్వరాల్లో తాళాల అంచు మాత్రం ఇంకా కాస్త గుండ్రంగానే వినిపిస్తోంది. నాకు ఇష్టమైన మెత్తదనం అదే, అది చెక్కుచెదరలేదు. మొదట విన్న మెత్తదనంలో బేస్ వదులుతనమే ఎక్కువ, అది పోయినందుకు నాకు బాధ లేదు.

కుడివైపు స్పీకరుకు చెవి ఆనిస్తే సన్నటి బుస. ఇన్‌పుట్‌ను పొట్టి తీగతో షార్ట్ చేసినా పోవడం లేదు, కాబట్టి మొదటి ట్రాన్సిస్టర్ మీదే అనుమానం. ఎడమదాన్నీ కుడిదాన్నీ తారుమారు చేసి, బుస దాని వెంట వెళుతుందో లేదో వచ్చే ఆదివారం చూస్తాను.