నాలుగు పలకలు, ఒకే డిజైను: కాగితంతో నా కుస్తీ

బల్ల మీద పెట్టుకునే దీపానికి నాలుగు పలకల పెట్టె చేద్దామని మొదలుపెట్టాను. ఒక్కో పలక 150 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. ఎత్తు, 4 మి.మీ. మందం బర్చ్ ప్లైవుడ్. డిజైను నాలుగింటికీ ఒకటే: కొమ్మ మీద రెండు పిట్టలు, చుట్టూ ఆకులు. డిజైను ప్రింటు తీసిన కాగితాన్ని చెక్క మీద అతికించి, ఆ గీతల వెంట స్క్రోల్ సాతో (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే మిషను) కోయాలి. లోపల కోసి తీయాల్సిన ఖాళీలు 38. అంటే ఒక్కో పలకలో 38 చోట్ల డ్రిల్లు వేయాలి, అన్నిసార్లూ బ్లేడు ఒక కొస విప్పి, రంధ్రంలో దూర్చి, మళ్లీ బిగించాలి. కష్టమంతా ఇక్కడే ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే ఈ నోటు పుస్తకంలో సగం పేజీలు కాగితం అతికించడం గురించే ఉన్నాయి.

మొదటి ఆదివారం

డిజైను ప్రింటు తీసి పలక మీద పెట్టి చూస్తే అంచుల్లో అనుకున్నదానికన్నా ఎక్కువ చెక్క మిగిలింది. పేజీకి సరిపడేలా ప్రింటరు తనంతట తానే బొమ్మను కుదించింది. ఇప్పుడు ప్రతి డిజైను మూలలోనూ సరిగ్గా 100 మి.మీ. గీత ఒకటి పెడుతున్నాను. ప్రింటు రాగానే ముందు స్కేలుతో ఆ గీతనే కొలుస్తాను. ఆ రోజు అది 97 వచ్చింది. సెట్టింగుల్లో సైజును 100 శాతానికి మార్చి మళ్లీ తీశాను.

ఇంట్లో ఉన్నది గ్లూ స్టిక్ కాబట్టి దాన్నే కాగితం వెనుక నిండుగా రుద్ది, నేరుగా చెక్క మీద అతికించాను. తడికి కాగితం సాగి మధ్యలో రెండు చోట్ల ఉబ్బింది. వేలితో నొక్కితే ఉబ్బు కాస్తా ముడతగా మారింది. ముడత పడిన చోట పిట్ట తోక గీత ఒక మిల్లీమీటరు పక్కకు జరిగింది. సర్లే, పిట్ట తోకే కదా అనుకుని కోసేశాను.

అసలు బాధ కాగితం తీసేటప్పుడు మొదలైంది. పొడిగా లాగితే పై పొర మాత్రం చిరిగి వస్తుంది, అడుగు పొర తెల్లగా చెక్కను పట్టుకునే ఉంటుంది. తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగాను. కాగితం మెత్తబడింది, దాంతోపాటు సిరా కూడా కరిగింది. నాది ఇంక్‌జెట్ ప్రింటరు, దాని సిరా నీళ్లకు ఆగలేదు. బూడిదరంగు మరక చెక్కలోకి దిగింది. అది పోవాలని 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్దుతూ పోతే ఒక మూలన ప్లైవుడ్ పై పొరే అరిగిపోయి, కింది పొర అడ్డంగా కనిపించింది. మొదటి పలక ఇక పూతలు వేసి చూసుకోవడానికి పనికొస్తుంది, అంతే.

రెండో శనివారం

ఈసారి స్ప్రే జిగురు. చెక్క మీద కొట్టకుండా కాగితం వెనుక మాత్రమే కొట్టాలని ముందే తెలుసు. ఎంతసేపు ఆగాలో తెలియలేదు. పనికిరాని ముక్కల మీద మూడు రకాలుగా చూశాను. కొట్టిన వెంటనే అతికిస్తే శాశ్వతంగా పట్టేస్తోంది. ఐదు నిమిషాలు ఆగితే కాగితం మూలలు లేచిపోతున్నాయి. ముప్పై నుంచి అరవై సెకన్లు ఆగి, వేలు తాకిస్తే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు వేస్తే బాగుంది. ఇంకో సంగతి, చెక్క మీద పొట్టు కొంచెం ఉన్నా జిగురు ఆ పొట్టును పట్టుకుంటుంది, చెక్కను పట్టుకోదు. అందుకే ముందు రుద్దుడు పని పూర్తి చేసి, బ్రష్షుతో దులిపి, ఆ తర్వాతే కాగితం జోలికి వెళ్లాలి.

కోత సగంలో గొడవ వచ్చింది. పిట్ట కాలి దగ్గర అటూ ఇటూ ఖాళీలు కోసేశాక మధ్యలో రెండు మిల్లీమీటర్ల కాగితం పీలిక మిగిలింది. పొట్టు ఊదే గాలి గొట్టం సరిగ్గా దాని మీదికే ఉంది. పీలిక ఒక కొస లేచి జెండాలా రెపరెపలాడింది. బ్లేడు దగ్గర గీత కనిపించకుండా పోయింది. మిషను ఆపి ఉండాల్సింది. ఆపలేదు, అందాజుగా తిప్పాను. ఆ పిట్ట కాలు ఇప్పుడు మోకాలి దగ్గర వాచినట్టు ఉంటుంది.

కాగితం తీయడం మాత్రం మొదటిసారి కన్నా ఎంతో నయం. గుడ్డకు మినరల్ టర్పెంటైన్ పట్టించి కాగితం మీద అద్ది నిమిషం ఆగాను. కాగితం నూనె పట్టినట్టు పారదర్శకంగా మారి, మొత్తం ఒకే ముక్కగా జారి వచ్చింది. సిరా కూడా దిగలేదు, ఎందుకంటే ఆ సిరా కరిగేది నీళ్లలో. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని చేశాను. గుడ్డను ముద్దగా పడేయకుండా బయట పరిచి ఆరబెట్టాను.

అంతా అయిపోయిందనుకుని మర్నాడు ఆయిల్ పూత వేస్తే అక్కడక్కడ నూనె ఇంకకుండా మచ్చలు తేలాయి. జిగురు పొర కంటికి కనిపించకుండా మిగిలిపోయింది. పూత వేసే ముందు ఇంకోసారి శుభ్రమైన గుడ్డతో టర్పెంటైన్ తుడిచి, రాత్రంతా ఆరనిచ్చి ఉంటే సరిపోయేది.

మూడో శనివారం

జిగురు చెక్కను తాకకుండానే పని జరగాలి. చాలామంది చేసే పద్ధతే ఇది, నేనే ఆలస్యంగా వచ్చాను. ముందు చెక్క మీద నీలం మాస్కింగ్ టేపు. దాని మీద స్ప్రే కొట్టిన కాగితం. కాగితం మీద పారదర్శకమైన ప్యాకింగ్ టేపు.

నీలం టేపు పట్టీలను ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే ఆ చోట గట్టులా లేచి కాగితం సమంగా కూర్చోదు. అంచుకు అంచు ఆనించి వేయాలి. వేశాక పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గట్టిగా రుద్దాలి. నేను చెక్క చారల వెంటే పట్టీలు వేశాను, ఎందుకో కింద చెబుతాను.

పైన ప్యాకింగ్ టేపు వేసినందుకు రెండు లాభాలు. కాగితం పీలికలు ఇక రెపరెపలాడవు. బ్లేడు చెక్కను మాడ్చడం కూడా తగ్గింది. చుట్టలో ఉన్నప్పుడు తనకు తాను అంటుకోకుండా ప్యాకింగ్ టేపు వీపున జారుడు పూత ఉంటుంది, అదే బ్లేడుకు రాపిడి తగ్గిస్తుందని అంటారు. కారణం ఏదైనా, మొదటి పలకలో ఇరుకు మలుపుల దగ్గర గోధుమరంగు గీతలు పడ్డాయి, మూడో పలకలో పడలేదు. రెండింటికీ 3 నంబరు రివర్స్ టూత్ బ్లేడే (చెక్క అడుగున నూగు తగ్గాలని కింది కొన్ని పళ్లు తిరగబడి ఉండేది), వేగమూ ఒకటే. చెడ్డ సంగతి ఒకటుంది: దీపం వెలుతురు టేపు మీద పడి కళ్లలోకి కొడుతుంది. దీపాన్ని ఎడమ పక్కకు దించితే గాని గీత కనిపించలేదు. గీతను నలుపులో కాకుండా ఎరుపులో, అర మిల్లీమీటరు కన్నా సన్నగా ప్రింటు తీస్తే బ్లేడు ఏ అంచున నడుస్తోందో బాగా తెలుస్తోంది.

టేపు ఊడదీయడానికి పావుగంట పట్టింది. నిటారుగా పైకి లాగితే సన్నటి భాగాలు విరుగుతాయి, చెక్క నార కూడా లేచి వస్తుంది. కొసను వెనక్కి మడిచి, దాదాపు చెక్కకు ఆనించి, చారల వెంట మెల్లగా లాగాలి. ఆకు మొనల దగ్గర, అతుకు ఉన్న వైపు నుంచి మొన వైపుకు లాగితే మొన మీద భారం పడదు. ఇదంతా తెలిసి కూడా చివరి ఆకు దగ్గర తొందరపడ్డాను. టిక్ మంది. ఆకు తొడిమ విరిగి టేపుతోపాటే వేలికి వేలాడింది. నయం, విరుపు శుభ్రంగా ఉంది. పళ్లపుల్ల మొనతో తెల్ల జిగురు చుక్క పెట్టి, వేళ్లతో పట్టుకుని, కదలకుండా ఒక పాట అయ్యేదాకా కూర్చున్నాను. ఇప్పుడు వెతికినా అతుకు కనిపించదు. టేపు మొండికేసిన చోట హెయిర్ డ్రయ్యర్ వేడి కొన్ని సెకన్లు చూపిస్తే జిగురు మెత్తబడుతోంది. సందుల్లో చిక్కిన ముక్కలకు పట్టకారు తప్పదు.

నాలుగో ఆదివారం

పాడైన మొదటి పలకకు బదులు ఒకటి, నాలుగోది ఒకటి, మొత్తం రెండు కావాలి. 38 రంధ్రాల పని రెండుసార్లు చేసే ఓపిక లేక రెండు చెక్కలనూ జత చేసి ఒకేసారి కోశాను. నాలుగూ ఒకేసారి ఎందుకు కోయలేదంటే, 16 మి.మీ. మందంలో సన్నటి బ్లేడు లోపల వంగి దారి తప్పుతుంది. 8 మి.మీ. మందానికి 5 నంబరు బ్లేడు (3 కన్నా కాస్త లావు) చక్కగా నడిచింది.

రెండు చెక్కల మధ్య రెండువైపులా అంటుకునే టేపు ముక్కలు పెట్టాను, అవీ కోసి పారేసే భాగాల్లోనే. పెద్ద ఖాళీల్లో నాలుగు, బయటి అంచున మిగులు చెక్కలో మరో నాలుగు. ఖాళీలు కోసిన కొద్దీ వాటిలోని టేపు కూడా పోతుంది కాబట్టి మధ్య ఖాళీలు ముందు, బయటి గీత అన్నిటికన్నా చివర. బయటి గీత పూర్తయ్యేసరికి రెండు పలకలూ వాటంతటవే విడిపోయాయి, కత్తి పెట్టి విడదీసే పని లేకపోయింది. మిషను బల్ల బ్లేడుకు లంబంగా ఉందో లేదో మూలమట్టంతో చూశాకే మొదలుపెట్టాను. ఒక డిగ్రీ వాలినా 8 మి.మీ. లోతుకు గీత 0.14 మి.మీ. పక్కకు పోతుంది. తొడిమల దగ్గర అది కంటికి తెలుస్తుంది.

కింది పలక అడుగున కాస్త నూగు లేచింది, ఉప్పుకాగితం రెండుసార్లు ఆడిస్తే పోయింది. కాగితం కింద నీలం టేపు పద్ధతే కాబట్టి ఈ రెండింటికీ టర్పెంటైన్ అవసరమే రాలేదు.

ఇక మిగిలింది మూలల అతుకులు. కాలు వాచిన పిట్ట ఉన్న రెండో పలకను మళ్లీ తుడిచి పూత వేశాను, మచ్చలు చాలావరకు పోయాయి. పెట్టెలో అది గోడ వైపు ఉంటుంది.