ఇక్కడ ఎంపీసీ లేదు, బైపీసీ లేదు

మెల్‌బోర్న్‌లో పదో తరగతి చదివే పిల్లలున్న ఇళ్ళలో జూలై, ఆగస్టు నెలలు కొంచెం వేడిగానే గడుస్తాయి. వచ్చే ఏడాది ఏ సబ్జెక్టులు చదువుతారో చెప్పమని స్కూలు అడిగేది అప్పుడే. ఊరి నుంచి ఫోన్ చేసిన మేనమామ "ఏ గ్రూపురా?" అంటాడు. పిల్లాడికి గ్రూపంటే ఏమిటో తెలియదు. తెలిసిన అమ్మానాన్నలేమో ఆ ఫారంలోనే ఎంపీసీని వెతుకుతుంటారు.

విక్టోరియా రాష్ట్రంలో పదకొండు, పన్నెండు తరగతుల చదువును వీసీఈ అంటారు. ఒక్కో సబ్జెక్టుకు నాలుగు యూనిట్లు. 1, 2 పదకొండులో, 3, 4 పన్నెండులో. యూనివర్సిటీ సీట్లకు చూసే ఏటార్ ర్యాంకుకు లెక్కలోకి వచ్చేవి 3, 4 మాత్రమే. పదకొండులో ఆరు, పన్నెండులో ఐదు సబ్జెక్టులు చదవడం మామూలు. కాస్త చురుకైనవాళ్ళు ఒక సబ్జెక్టు 3, 4 యూనిట్లను పదకొండులోనే ముగించేస్తారు. సర్టిఫికెట్ రావాలంటే కనీసం 16 యూనిట్లు పాసవ్వాలి. తప్పనిసరి సబ్జెక్టు ఇంగ్లిష్ ఒక్కటే. మిగతావి కెమిస్ట్రీ పక్కన డ్రామా పెట్టుకున్నా, ఫిజిక్స్ పక్కన అకౌంటింగ్ పెట్టుకున్నా అడిగేవారు లేరు.

మనవాళ్ళు చేసే మొదటి తప్పు ఆ తప్పనిసరి సబ్జెక్టు దగ్గరే. ఇంట్లో చర్చంతా లెక్కల్లో అన్నిటికంటే కష్టమైన స్పెషలిస్ట్ మ్యాథ్స్ తీసుకోవాలా, ఫిజిక్స్ వదిలేయాలా అని నడుస్తుంది. ఇంగ్లిష్ ఎలాగూ ఉంటుంది కదా అని దాని ఊసే ఎత్తరు. లెక్క చూస్తే సంగతి వేరు. ఏటార్ కట్టేటప్పుడు ముందు ఇంగ్లిష్ మార్కును, దానితో పాటు మిగిలినవాటిలో మెరుగైన మూడింటిని పూర్తిగా కలుపుతారు. ఐదో, ఆరో సబ్జెక్టుల నుంచి కలిసేది పదో వంతే.

స్కేలింగ్ (సబ్జెక్టులో పోటీని బట్టి మార్కును సవరించడం) అయ్యాక ఒక విద్యార్థికి ఇంగ్లిష్ 31, మెథడ్స్ (స్పెషలిస్ట్‌కు కింది మెట్టు మ్యాథ్స్) 36, కెమిస్ట్రీ 37, స్పెషలిస్ట్ 38, ఫిజిక్స్ 34 వచ్చాయనుకోండి. మొదటి నాలుగూ కలిపితే 142. ఫిజిక్స్ నుంచి 3.4. మొత్తం 145.4. ఇప్పుడు ఫిజిక్స్‌లో రెండు మార్కులు పెరిగితే మొత్తంలో పెరిగేది 0.2. ఇంగ్లిష్‌లో అవే రెండు మార్కులు పెరిగితే పూర్తిగా 2. అంటే పది రెట్లు. శనివారాలు ఫిజిక్స్ ట్యూషన్‌కు తిప్పే ఇంట్లో ఇంగ్లిష్‌కు వారానికి ఒక వ్యాసం కూడా రాయించకపోతే డబ్బులూ పోయాయి, పెట్రోలూ పోయినట్టే.

ఇంగ్లిష్ పరీక్ష మూడు గంటలు, మూడు భాగాలు: చదివిన పుస్తకం మీద విశ్లేషణ, సొంతంగా ఒక రచన, ఎవరో రాసిన వాదనలో భాష ఎలా పనిచేసిందో విప్పి చెప్పడం. గ్రామర్ బాగుంటే సరిపోదు. ఇంట్లో ఇంగ్లిష్ గడగడా మాట్లాడే పిల్లలు కూడా మూడో భాగంలో రచయిత "ఏమన్నాడో" రాసి ఊరుకుంటారు. "అలా ఎందుకన్నాడు, వినేవాడి మీద ఏ ప్రభావం చూపాలనుకున్నాడు" అన్నది రాయరు. ఇంగ్లిష్‌కు బదులు లిటరేచర్ గానీ, ఇంగ్లిష్ లాంగ్వేజ్ గానీ తీసుకోవచ్చు. రెండోది భాషాశాస్త్రానికి దగ్గర. రెండు భాషల మధ్య పెరిగి, మాటల తీరు మీద చెవి పడిన పిల్లలకు బాగా నప్పుతుంది. మనవాళ్ళలో దాన్ని ఎంచుకునేవారు తక్కువ, అదెందుకో అర్థం కాదు.

ఇంగ్లిష్ రెండో భాషగా ఉన్నవారికి ఈఏఎల్ అని వేరే సబ్జెక్టు ఉంది. హైదరాబాద్ నుంచి మూడేళ్ళ కిందటే వచ్చాం కాబట్టి మావాడికి అదిస్తారని చాలామంది ధీమాగా ఉంటారు. ఇక్కడికొచ్చి ఏడేళ్ళు దాటకపోవడం ఒక షరతు. ఇంగ్లిష్ మీడియంలో చదివిన కాలం మొత్తం ఏడేళ్ళు మించకపోవడం ఇంకో షరతు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు ఈ రెండోదాని దగ్గర ఆగిపోతారు. దీని మీద ఆశ పెట్టుకునే ముందే పాత స్కూలు కాగితాలు వీసీఈ కోఆర్డినేటర్‌కు చూపించి తేల్చుకోండి.

ఇక స్కేలింగ్. ప్రతి సబ్జెక్టులో స్టడీ స్కోరు 50కి ఉంటుంది, సగటు 30. నూటికి సుమారు తొమ్మిదిమందే 40 గానీ అంతకంటే పైన గానీ తెచ్చుకుంటారు. ఇది పర్సెంటేజీ కాదు, ఆ సబ్జెక్టు రాసినవారందరిలో పిల్లల స్థానం. గట్టి పోటీ ఉన్న సబ్జెక్టులో మధ్యలో నిలబడటం కష్టం కాబట్టి దాన్ని పైకి సవరిస్తారు. ఏటా అంకెలు మారుతాయి గానీ స్పెషలిస్ట్ మ్యాథ్స్‌లో 30 సాధారణంగా 40 దాటుతుంది. మెథడ్స్‌లో 30 సుమారు 35 అవుతుంది. జనరల్ మ్యాథ్స్, సైకాలజీల్లో 30 తగ్గి 27, 28 ప్రాంతానికి వస్తుంది.

ఈ అంకెలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగగానే పిల్లలందరినీ స్పెషలిస్ట్‌లో కూర్చోబెడతారు. కానీ అక్కడ పోటీ ఎవరితో? లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలతో. వాళ్ళ మధ్య 20 తెచ్చుకుంటే స్కేలింగ్ తర్వాత సుమారు 28. అదే పిల్ల ఇష్టపడి చదివిన సైకాలజీలో 36 తెచ్చుకుంటే, తగ్గించాక కూడా ముప్పై పైనే ఉంటుంది. పైగా స్పెషలిస్ట్ తినేసిన గంటలు ఇంగ్లిష్‌వీ కెమిస్ట్రీవీ. పదో తరగతి ఆల్జీబ్రాలో సందేహం వచ్చినప్పుడల్లా ట్యూషన్ మాస్టారి కోసం ఎదురుచూసే పిల్లలకు స్పెషలిస్ట్ వద్దు.

మ్యాథ్స్‌లో ఇంకో చిక్కు. జనరల్ మ్యాథ్స్ 3, 4ను పదకొండులోనే ముగించి, పన్నెండులో మెథడ్స్, స్పెషలిస్ట్ రాయించాలన్న ప్లాను మన ఇళ్ళలో బాగా వినిపిస్తుంది. ఏటార్ మొదటి నాలుగింట్లో మ్యాథ్స్ సబ్జెక్టులు రెండుకు మించి ఉండకూడదు. మూడోదాని నుంచి పదో వంతే కలుస్తుంది. పన్నెండో తరగతి పరీక్షల అలవాటు ముందే అవుతుందనుకుంటే సరే. ఏటార్ కోసమైతే ఆ చోటులో బయాలజీయో ఇంకోటో ముగించడం లాభం.

మెథడ్స్ గురించి మాత్రం తల్లిదండ్రులు పట్టుబట్టడంలో తప్పులేదు. చాలా ఇంజనీరింగ్ కోర్సులు మెథడ్స్ గానీ స్పెషలిస్ట్ గానీ అడుగుతాయి, జనరల్ మ్యాథ్స్‌తో ఆ తలుపు తెరుచుకోదు. సైన్స్, కామర్స్ కోర్సుల్లోనూ చాలావాటికి అదే షరతు. మెథడ్స్ మార్కుల్లో 40 శాతం శాక్‌లవి, అంటే ఏడాది పొడవునా స్కూల్లోనే పెట్టే పరీక్షలవి, 20 శాతం గంటసేపు కాలిక్యులేటర్ లేకుండా రాసే మొదటి పరీక్షది, 40 శాతం రెండు గంటల రెండో పరీక్షది. ఇండియాలో చదివి వచ్చిన పిల్లలు మొదటి పరీక్షలో దూసుకుపోతారు, చేతి లెక్క అలవాటు కదా. దెబ్బతినేది రెండోదాంట్లో. అక్కడ సీఏఎస్ కాలిక్యులేటర్ ఉంటుంది, సమీకరణం ఇస్తే అదే సాధించి పెడుతుంది. పేపర్ కూడా దాని వేగాన్ని లెక్కలో పెట్టుకునే తయారవుతుంది. చేత్తో సాధిస్తూ కూర్చుంటే చివరి రెండు పెద్ద ప్రశ్నలు మిగిలిపోతాయి. కాబట్టి స్కూలు చెప్పిన మోడలే, టీఐ ఎన్‌స్పైర్ అయినా క్యాసియో క్లాస్‌ప్యాడ్ అయినా, పదకొండు మొదట్లోనే కొనండి. టీచర్ చూపించే బటన్లు ఒక మోడల్‌వి, పిల్ల చేతిలో ఉన్నది ఇంకో మోడల్ అయితే ఏడాదంతా ఆ గొడవే.

శాక్ మార్కుల గురించి ఒక సంగతి తెలియాలి. స్కూలు వేసిన మార్కులు ఉన్నవున్నట్టు పోవు. ఆ స్కూలు పిల్లలు చివరి పరీక్షలో ఎలా రాశారన్నదాన్ని బట్టి బోర్డు వాటిని సవరిస్తుంది. అందుకే "శాక్‌లో 92 వచ్చింది" అన్నదానికంటే క్లాసులో ఎన్నో స్థానమన్నది ముఖ్యం.

డాక్టర్ కల గురించి కూడా చెప్పుకోవాలి, మన ఇళ్ళలో అది లేకుండా ఈ ముచ్చట ముగియదు. ఇక్కడ ప్లస్ టూ తర్వాత నేరుగా మెడిసిన్‌లో చేరే దారి మొనాష్ వంటి చోట్ల ఉంది, దానికి ఏటార్‌తో పాటు యూక్యాట్ అనే మెడికల్ ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో మెడిసిన్ డిగ్రీ తర్వాతే. రెంటికీ కెమిస్ట్రీని చేతిలో ఉంచుకోవడం మంచిది. ఒకవేళ ఇండియాలో ఎంబీబీఎస్ ఆలోచన మనసులో ఏ మూల ఉన్నా ఫిజిక్స్ వదలకండి. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ చదివి ఉండాలి. అప్పుడు ఇంగ్లిష్, మెథడ్స్, ఈ మూడు కలిపి ఐదూ నిండిపోతాయి, ఇంకేదానికీ చోటుండదు. ఈ మాట పిల్లలతో దాచకుండా చెప్పాలి. ఫిజిక్స్ ఎందుకు చదువుతున్నానో తెలియకుండా రెండేళ్ళు చదవడం ఎవరికైనా నరకమే.

హిందీ సంగతి. వీసీఈలో హిందీ ఉంది, స్కూల్లో లేకపోతే శనివారం విక్టోరియన్ స్కూల్ ఆఫ్ లాంగ్వేజెస్‌లో చదవచ్చు. భాషలు ప్రోత్సహించాలని వాటి స్కేలింగ్‌లో 5 మార్కుల దాకా అదనంగా కలుపుతారు. కానీ హైదరాబాద్‌లో ఐదో తరగతి దాకా సెకండ్ లాంగ్వేజ్‌గా చదివిన హిందీతో, ఇంట్లో హిందీయే మాట్లాడే పిల్లలతో పోటీ పడాలి. దేవనాగరిలో పేజీ నిండా రాయగలరా అని ముందు ఇంట్లోనే ఒక పేజీ రాయించి చూడండి.

మార్చిలో ఇండియాలో పదో తరగతి రాసి వచ్చే పిల్లలకు ఇంకో సమస్య. ఇక్కడ విద్యా సంవత్సరం జనవరి చివర మొదలైపోతుంది. పదకొండులో మధ్యలో దూరితే యూనిట్ 1లో సగం పోయినట్టే. మిగిలిన ఏడాది పదిలోనే కూర్చోవడం "ఒక సంవత్సరం వేస్ట్" అనిపిస్తుంది గానీ, సబ్జెక్టు ఎంపిక జరిగేది ఆ నెలల్లోనే. ల్యాబ్ రిపోర్టులు రాయడం, శాక్‌ల తీరు అలవాటయ్యేదీ అప్పుడే.

ఫారం నింపే ముందు స్కూలును రెండు ప్రశ్నలు అడగండి. ఏ సబ్జెక్టులు ఒకే బ్లాకులో పడుతున్నాయి? స్పెషలిస్ట్‌కు ఒకటే క్లాసుండి, అదే గంటలో బయాలజీ ఉంటే రెండూ కుదరవు. అప్పుడు ఒకదాన్ని వర్చువల్ స్కూల్ విక్టోరియా ద్వారా దూరవిద్యలో చదవాల్సి వస్తుంది, దానికి పిల్లల్లో క్రమశిక్షణ ఎక్కువ కావాలి. రెండో ప్రశ్న, మార్చుకోవడానికి చివరి తేదీ ఎప్పుడు? యూనిట్ 1 తర్వాత మెథడ్స్ నుంచి జనరల్‌కు దిగడానికి చాలా స్కూళ్ళు ఒప్పుకుంటాయి. జనరల్ నుంచి మెథడ్స్‌కు ఎక్కడం దాదాపు కుదరదు. అందుకే తేలనప్పుడు పదకొండును మెథడ్స్‌తో మొదలుపెట్టి, జూన్‌లో మార్కులు చూసి పిల్లలతో కూర్చుని మళ్ళీ మాట్లాడుకోవచ్చు.

ఏటార్ 85 వచ్చిందంటే ఫోన్‌లో తాతయ్య "ఎనభై ఐదేనా?" అంటారు. అది మార్కులు కాదని, ఆ వయసు పిల్లలందరినీ వరుసలో నిలబెడితే 85 శాతం మంది కంటే ముందున్నట్టని, ఏటార్ వచ్చినవాళ్ళ సగటే సుమారు 70 అని ఆయనకు ముందే చెప్పి ఉంచండి. ఆ మాట పిల్లలు కూడా వింటారు.