తాతగారి కారు దానమిస్తున్నారా? పిల్లల్ని పక్కనే ఉంచుకోండి

నచికేతుడి కథ మనలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. తండ్రి యాగం చేసి ఆవుల్ని దానమిస్తుంటాడు. అవి గడ్డి మేసే ఓపిక లేనివి, పాలు ఎండిపోయినవి. పక్కన నిలబడి చూస్తున్న కొడుకు మనసు ఊరుకోక, "మరి నన్నెవరికిస్తావు నాన్నా?" అని అడుగుతాడు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న పిల్లల్ని వెంటబెట్టుకుని అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు వచ్చినప్పుడు, కొబ్బరిచెట్ల నీడన ఏళ్ళ తరబడి కదలని తాతగారి కారుని చూసి "ఏదైనా ఆశ్రమానికి ఇచ్చేద్దాం" అనుకునే తల్లిదండ్రులు ఆ కథ ఒకసారి తలుచుకోవాలి. పిల్లలు చూస్తూనే ఉంటారు.

వాళ్ళకి తెలిసిన కారు దానం వేరు. అమెరికాలో ఏదైనా ధార్మిక సంస్థకి ఒక ఫోన్ చేస్తే టో ట్రక్కు వచ్చి తీసుకుపోతుంది. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద సంతకం పెట్టి, చాలా రాష్ట్రాల్లో నంబరు ప్లేట్లు విప్పుకుని, కారు అప్పగించామని మోటారు వాహనాల శాఖకి తెలియజేశాకే ఇన్సూరెన్సు ఆపుతారు. పన్నులో 500 డాలర్ల కన్నా ఎక్కువ తగ్గింపు కోరాలంటే ఆ సంస్థ ఫారం 1098-సి పంపాలి. వాళ్ళు కారుని అమ్మేస్తే, అమ్మగా వచ్చిన డబ్బు వరకే సాధారణంగా తగ్గింపు వస్తుంది. ఖర్చుల్ని విడివిడిగా చూపించకుండా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళకి అదీ ఉండదు. అక్కడ కారు చాలావరకు వేలానికి వెళ్ళి డబ్బుగా మారుతుంది కాబట్టి నడవని కారైనా పనికొస్తుంది. మన ఊళ్ళో ఇచ్చే కారు అలా కాదు. దాంట్లో రేపు డయాలసిస్‌కి ఒక పెద్దాయన్ని కాకినాడ తీసుకెళ్ళాలి. ఈ తేడా పిల్లలకి ముందే చెప్పండి, మిగతా పనంతా వాళ్ళకి అర్థమవుతుంది.

మొదట అడగాలి. ఆశ్రమానికి వెళ్ళి, కారు కావాలా వద్దా, నడిపేవాళ్ళున్నారా, నెలకి పెట్రోలు ఎవరు పోయిస్తారు అని అడగండి. చిన్న సంస్థల్లో చాలాచోట్ల కారు కన్నా డ్రైవరు కరువు. అలాంటప్పుడు కారు అమ్మి ఆ డబ్బు ఇవ్వడమే మేలు. ఈ మాట అడిగేటప్పుడు పిల్లలు పక్కన ఉంటే, పుచ్చుకునేవాళ్ళ అవసరం ముందు, మన సంతోషం తరవాత అని విడిగా బోధించనక్కర్లేదు.

తరవాత కారుని చూడాలి. డెల్టాలో కారుని పాడుచేసేవి ఉప్పుగాలి, తేమ, వరద, ఎలుకలు. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు కార్లకి తుప్పు కింద నుంచి మొదలవుతుంది. తలుపుల కింది అంచులు, చక్రాల పైన వంపులు, బ్యాటరీ కింద రేకు, కార్పెట్ ఎత్తితే కనిపించే నేల, వీటిని స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా మోగుతుంది. వరద నీళ్ళు లోపలికొచ్చాయేమో తెలుసుకోవాలంటే సీటు బెల్టుని చివరిదాకా లాగమని పిల్లలకి చెప్పండి. మామూలుగా చుట్టలో దాగి ఉండే ఆఖరి మూరెడు పట్టీ మీద సన్నటి ఒండ్రు చార కనిపిస్తే నీళ్ళు అంతెత్తు వచ్చాయన్నమాట. సీట్లు ఎంత కడిగినా ఆ చార పోదు. అలాంటి కారులో వైర్ల జాయింట్లు లోలోపల పచ్చబడి, ఒకరోజు ఏ ఆక్విడక్టు వంతెన మీదో ఆగిపోతుంది. దాన్ని మనుషుల్ని తిప్పడానికి ఇవ్వకండి.

నీళ్ళు తగలని కారైతే బాగుచేయించవచ్చు. నాలుగేళ్ళు నిలబడిన కారుకి ఆత్రంగా తాళం తిప్పకూడదు. ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడాలి. కోతలయ్యాక ఎలుకలు గడ్డీ గుడ్డపీలికలూ తెచ్చి అందులోనే గూడు పెడతాయి, వైర్లు కొరుకుతాయి. పాత పెట్రోలు పూర్తిగా దింపేయాలి. చిన్న కారుకి మూడు లీటర్ల దగ్గర ఇంజన్ ఆయిలు, కొత్త ఫిల్టరు, కొత్త బ్యాటరీ, కూలెంటు పడతాయి. బ్రేక్ ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది కాబట్టి చూడ్డానికి బాగున్నా మార్చాల్సిందే. హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేసిన కారుకి వెనక బ్రేకులు డ్రమ్ముకి అతుక్కుపోయి ఉంటాయి. లాగి కదిలిస్తే లైనింగు ఊడొస్తుంది, డ్రమ్ము విప్పించాలి. ఇకమీదట నిలబెట్టేటప్పుడు గేరులో ఉంచి చక్రాల కింద ఇటుకలు పెడితే చాలు. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఈ లెక్క పిల్లలకి భలే నచ్చుతుంది, నాలుగు టైర్లూ స్పేరుతో సహా వాళ్ళచేతే చదివించండి. ఆరేడేళ్ళు దాటినవి గీతలు అరగకపోయినా మార్చండి.

ఇక కాగితాలు. కారు ఎవరి పేరున ఉందో వాళ్ళే ఇవ్వాలి. తాతగారు ఉంటే, ఆర్టీవో ఆఫీసులో పేరు మార్పుకి ముఖ్యంగా ఆయన సంతకంతో ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 కావాలి. కాలం చేసి ఉంటే ముందు ఫారం 31తో మామ్మ పేరుకి మార్చి, ఆ తరవాతే సంస్థకి ఇవ్వాలి. దానికి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. ఇక్కడే చాలామంది సెలవు అయిపోతుంది. పాత కారు లోను ఎప్పుడో తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటుంది. బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్ఓసీ), ఫారం 35 తెచ్చి ఆ పేరు తీయించాలి. పెండింగులో ఉన్న చలాన్లు కట్టాలి, ఫాస్టాగ్ మూసేయాలి. ఆన్‌లైన్లో వచ్చే ఓటీపీ ఎప్పుడో వదిలేసిన సిమ్‌కి పోతుంటుంది. విమానం ఎక్కకముందే ఆధార్‌లోనూ ఆర్సీలోనూ ఏ ఫోన్ నంబరుందో చూసుకోండి. సొంతదారే విదేశంలో ఉంటే పవర్ ఆఫ్ అటార్నీని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి తెచ్చుకోవాలి.

ఆర్సీ గడువు 15 ఏళ్ళు. దాటితే ఫారం 25తో అయిదేళ్ళకి పొడిగించుకోవాలి. బండిని తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టరుకి చూపించాలి. 2022 ఏప్రిల్‌లో కారుకి ఈ రుసుము 5,000 రూపాయలు చేశారు, ఇప్పుడు మీ కారుకెంతో ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆ పరీక్షలో నిలవదనుకున్న కారుని గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికి అప్పగించి, అప్పగించినట్టు వాళ్ళిచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకుని, వచ్చిన డబ్బు ఆశ్రమానికివ్వండి. ఇంజను బాగుండి ఒళ్ళు తుప్పుపట్టిన కారైతే, ఆర్సీ రద్దు చేయించి దగ్గర్లోని ఐటీఐలో మెకానిక్ విద్యార్థులు విప్పి బిగించుకోవడానికి ఇవ్వచ్చేమో ప్రిన్సిపాల్‌ని అడగండి. ఇదీ మంచి దానమే.

అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఒక సంగతి గమనించాలి. భారత మూలాలున్నవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డున్నా, విదేశీ విరాళాల మీది ఎఫ్‌సీఆర్ఏ చట్టం దృష్టిలో మీరిచ్చేది విదేశీ విరాళమే. ఆ రిజిస్ట్రేషన్ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. తీసుకుంటే ఇబ్బంది పడేది వాళ్ళు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు సొంత సంపాదన ఇస్తే ఈ చిక్కు లేదు. అందుకే కారుని మీ పేరుకి మార్చుకోకుండా తాతగారి చేతుల మీదుగానే, ఆయన కారుగానే ఇప్పించండి. పన్ను మినహాయింపు కోసం చూడకండి. ఇక్కడి ఆదాయపన్నులో వస్తువుల దానానికి మినహాయింపు లేదు, డబ్బుకే ఉంది. అదీ నగదైతే 2,000 రూపాయల వరకే.

పిల్లలకి అప్పగించాల్సిన ముఖ్యమైన పని ఛాసిస్ ప్రింట్, అంటే కారు చట్రం నంబరు అచ్చు తీయడం. పేరు మార్పు కాగితాలకి ఇది అడుగుతారు. చాలా చిన్న కార్లలో బానెట్ ఎత్తితే ఇంజను వెనక గోడ మీద నంబరు కొట్టి ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడిచి, పల్చటి కాగితం కదలకుండా అదిమిపెట్టి, మెత్తటి పెన్సిలు ములికిని పడుకోబెట్టి రుద్దాలి. నల్లటి మసిలోంచి ఒక్కొక్క అక్షరం తెల్లగా తేలుతుంది. గట్టిగా రుద్దితే కాగితం చిరుగుతుంది, మొదటి రెండు మూడూ పాడవుతాయి, పర్వాలేదు. నాలుగు మంచివి తీయించి, ఒకటి వాళ్ళనే దాచుకోమనండి. తాతగారి కారు గుర్తుగా ఇంటికి తీసుకెళ్ళడానికి ఇంతకన్నా తేలికైనది దొరకదు.

అప్పగింత రోజున దానపత్రం రాయండి. ఆర్సీ నంబరు, ఛాసిస్, ఇంజను నంబర్లు, మీటరు రీడింగు, స్టెప్నీ, జాకీ, రెండు తాళాలు, తేదీతోపాటు గంట కూడా వేయండి. సంస్థ తరఫున కారు పుచ్చుకుంటున్నామన్న తీర్మానం ప్రతి, పాన్, రిజిస్ట్రేషన్ ప్రతి తీసుకోండి. గంట ఎందుకంటే, ప్రమాదం జరిగితే ఆర్సీలో పేరున్నవాళ్ళే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది. ఇన్సూరెన్సు 14 రోజుల్లో సంస్థ తమ పేరుకి మార్చుకోవాలి. మొదటి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం తాతగారే కట్టి ఇస్తే మర్యాద. 2022 జూన్‌లో పెట్టిన రేటు ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకి 2,094 రూపాయలు, పన్ను అదనం. సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల ప్లేటు కారుతో బాడుగలు తిప్పకూడదని కూడా చెప్పాలి.

కారు మీద పేరు రాయించే దగ్గర ఇంట్లో రెండు తరాలకీ మాట పడదు. తాతగారు కాలం చేసిన ఇంట్లో, వెనక అద్దం మీద "జ్ఞాపకార్థం" అని పెద్దక్షరాల్లో ఉండాలని మామ్మకి ఉంటుంది. ఇచ్చి చెప్పుకోవడమేమిటని పిల్లలంటారు. ఎవరినీ తక్కువ చేయకండి. మామ్మకి అది భర్త పేరు ఊళ్ళో ఇంకొన్నాళ్ళు తిరగడం. పిల్లలకేమో లంకల గన్నవరంలో వేళగాని వేళ రేవు దాటొచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి సంగతి చెప్పండి. ఆవిడ 1909లో పోయారు. పేరు తను రాయించుకోలేదు, ఊరే నిలబెట్టింది. డాష్‌బోర్డు మీద అరచేయంత చిన్న స్టిక్కరు, పేరు మాత్రం తెలుగులో, పిల్లల చేతిరాతతో ఉంటే ఇద్దరికీ సరిపోతుంది.

పండక్కి వస్తే భోగి నుంచి కనుమ దాకా ఆఫీసులు ఉండవు. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే లంకల్లోంచి బండి బయటికి రాదు. సంక్రాంతికి వచ్చేవాళ్ళు కాగితాల పని డిసెంబరు మొదట్లోనే ఇక్కడి మావయ్యకో బాబాయికో అప్పగించండి. తిరిగి వెళ్ళాక నెల రోజులకి ఆర్సీ వివరాలు ఆన్‌లైన్లో చూడండి. ఇంకా తాతగారి పేరే ఉంటే సంస్థకి ఫోన్ చేసి, ఫారం 29 ప్రతిని ఆర్టీవో ఆఫీసుకి స్పీడ్ పోస్టులో పంపించి రసీదు దాచండి. ఆ ఫోన్ పిల్లలచేత చేయించండి. "నమస్కారమండీ, తాతగారి కారు ఎలా నడుస్తోందండీ?" అన్న రెండు ముక్కలు తెలుగులో నేర్పితే చాలు, మిగతాది అవతలివాళ్ళు మాట్లాడతారు.