నా పేరు మీద వద్దు తాతయ్యా

దీపావళికి నాలుగు రోజుల ముందు తెనాలి నుంచి నాన్న జపాన్‌లో ఉంటున్న మాకు వీడియో కాల్ చేశారు. మంచం మీద పాత పేపరు పరిచి, టపాకాయలన్నీ పేర్చి ఒక్కోటీ చూపిస్తున్నారు. చిచ్చుబుడ్లు, భూచక్రాలు, మతాబులు. చివరికి పురికొస చుట్టిన లావుపాటి దాన్ని ఎత్తి, "ఇదిగోరా నాన్నా, ఆటం బాంబు! నువ్వు రాలేవుగా, నీ పేరు మీద మేం కాలుస్తాం" అన్నారు.

అంతదాకా నవ్వుతున్న మావాడు "నా పేరు మీద వద్దు తాతయ్యా" అని లేచి వెళ్ళిపోయాడు.

నాన్న ముఖం చిన్నబోయింది. "పేరుదేముందిరా, టపాకాయే కదా" అన్నారు. చిన్నప్పుడు దాని మీద డాల్డా డబ్బా బోర్లించి, అది డాబా ఎత్తు ఎగిరితే గంతులేసినవాణ్ణి నేను. ఆ పేరు వెనక ఓ ఊరుందని ఒక్కసారీ తోచలేదు.

వాడు ఆ ముందు వారమే ఆరో తరగతి స్కూల్ ట్రిప్‌లో హిరోషిమా వెళ్ళొచ్చాడు. అంతకుముందు నెలంతా ఇంట్లో ఎక్కడ చూసినా కాగితం కొంగలే. క్లాసంతా కలిసి వెయ్యి మడవాలి. నేనూ నాలుగు మడిచాను. "నాన్నా, ఇవి కాకులు" అని పక్కన పెట్టాడు. అలాంటి కొంగలే మడిచిన హిరోషిమా అమ్మాయి సదాకో ససాకికి బాంబు పడ్డప్పుడు రెండేళ్ళు. 1955లో లుకేమియాతో పోయేనాటికి పన్నెండు. వాడికీ ఇప్పుడు పన్నెండే.

తిరిగొచ్చాక మ్యూజియంలో చూసిన మూడు చక్రాల సైకిలు గురించే చెప్పాడు. 1945 ఆగస్టు 6 పొద్దున 8:15కి ఓ పిల్లాడు ఇంటి ముందు దాని మీద ఆడుకుంటున్నాడు. ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. ఆ రాత్రే పోయాడు. అంత చిన్నవాణ్ణి దూరాన ఒంటరిగా పాతిపెట్టడానికి తండ్రికి మనసొప్పలేదు. పెరట్లోనే, సైకిలుతో సహా పూడ్చాడు. నలభై ఏళ్ళకు, 1985లో, తవ్వి తీసి సైకిలును మ్యూజియానికి ఇచ్చాడు. 1945 చివరికి ఆ ఊళ్ళో లక్షా నలభై వేల మంది దాకా పోయారని అంచనా. నాకు ఆ లెక్క ఎప్పట్నుంచో తెలుసు. పెరటి సంగతి తెలియదు.

ఆ రాత్రి మావాడు అడిగాడు, "మన దగ్గర కూడా ఆ బాంబు ఉందా?"

ఉందన్నాను. 1998 మేలో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగినప్పుడు నేను ఇంటర్. మా సెంటర్లో మిఠాయిలు పంచితే రెండు తీసుకున్నాను. ఆ మాట వాడికి చెప్పలేదు. 2024లో హిబాకుషాల, అంటే అణుబాంబు దాడుల్లో బతికి బయటపడ్డవాళ్ళ, సంఘం నిహోన్ హిదాంక్యోకు నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ఆఫీసులో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిందీ నేనే.

చెప్పకపోగా వాదించాను. పొరుగువాళ్ళ దగ్గర ఉన్నప్పుడు మనకూ ఉండాలన్నాను. అదీ చాలక, "అణ్వాయుధాల నిషేధ ఒప్పందం మీద మీ జపాన్ కూడా సంతకం పెట్టలేదు తెలుసా" అన్నాను.

"మీ ఇండియా పెట్టిందా?"

పెట్టలేదు. కానీ నాకు తగిలింది అది కాదు. "మనం ఎక్కడున్నా ఒకటే" అని వాడు పుట్టినప్పట్నుంచీ ఊదరగొట్టి, ఓడిపోయేసరికి "మీ జపాన్" అనేశాను.

పిల్లలు అడగకముందే మన సంగతులు మనమే చెప్పేయడం మంచిదని తోటి తల్లిదండ్రులకు చెబుదామని ఇది మొదలుపెట్టాను. చెబితే వాడు నన్ను ఎలా చూస్తాడో అనే టెన్షన్‌తో ఇప్పటికీ మిఠాయిల సంగతి దాచాను. ఇక సలహాలెందుకు?

మా ఇంట్లో ఆదివారం ఐదు వాక్యాలు తెలుగులో రాయాలని రూలు. నా మొండితనం అది, వాడికి శిక్ష. ఈసారి హిరోషిమా స్మారక శిల మీది మాట రాస్తానని కూర్చున్నాడు: ప్రశాంతంగా నిద్రపోండి, ఆ తప్పు మళ్ళీ... అక్కడ ఆగిపోయాడు. జపనీస్‌లో ఎవరు అన్నది లేదట. "తెలుగులో ఏం రాయాలి? చేయమా, చేయరా?"

"జరగదు అని రాసెయ్" అన్నాను. ఆఫీసు మెయిళ్ళలో నేను రోజూ వాడే ఉపాయమే.

"జరగడం కాదు నాన్నా, చేయడం."

పుస్తకంలో ఆ వాక్యం "చేయ" దగ్గరే ఉంది. పక్కన రెండుసార్లు చెరిపిన గుర్తులు. ఐదు వాక్యాలు ఏవని ఈసారి అడగలేదు.