ఈ కొలువులో దేవుడేడి?

"టీచర్, మరి ఈ కొలువులో దేవుడేడి?"

నాలుగో తరగతికి ఇవాళ జపాన్ గురించి చెప్పాను. హినామత్సురి అనే అక్కడి పండగ ఫొటో పెద్దగా ప్రింట్ తీయించి బోర్డుకి అంటించా. ఎర్రగుడ్డ పరిచిన ఏడు మెట్లు, వాటి నిండా బొమ్మలు. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ నుంచి "బొమ్మల కొలువు!" అని కేక.

పై మెట్టు మీద చక్రవర్తి, మహారాణి. కింద ముగ్గురు పరిచారికలు. ఆ కింద అయిదుగురు వాద్యగాళ్లు. ముగ్గురివి డోళ్లు, ఒకరిది వేణువు. అయిదో అతని చేతిలో విసనకర్ర ఒక్కటే. "ఇతనేం వాయిస్తాడు?" వాయించడు నాన్నా, పాడతాడు. దానికి క్లాసంతా ఎందుకంత నవ్విందో నాకింకా అర్థం కాలేదు.

మార్చి 3న ఆడపిల్లల కోసం చేసే పండగ ఇది. అవగానే బొమ్మలు సర్దేయాలి, లేకపోతే ఆ ఇంటి పిల్లకి పెళ్లి ఆలస్యమవుతుందని పాత నమ్మకం. చెప్పాలా వద్దా అని కాస్త తటపటాయించి, చెప్పేశా.

"అచ్చం మా నానమ్మే!" అంది ముందు బెంచీ పిల్ల.

రాజధాని, కరెన్సీ అని మొదలుపెట్టి ఉంటే సగం మంది ఆవలించేవాళ్లు.

దేవుడు లేడు, రాజుగారి కొలువు అన్నాను. సరే, మరి పేరంటానికి శనగలు? బొరుగుల్లాంటి రంగురంగుల హినా అరారే పెడతారని చెప్పా.

"తెచ్చారా టీచర్?"