ముఖం ఒకరిది, పేరు ఇంకొకరిది

నా బేస్‌బాల్ కార్డుల (ఆటగాళ్ళ బొమ్మలు అచ్చేసి కంపెనీలు అమ్మే అట్టముక్కలు) బైండర్ చూడ్డానికి ఎవరైనా సరదా పడితే ముందే చెప్పేస్తాను, అందులో గొప్ప కార్డులేమీ లేవని. పేరున్నవాడంటే హాంక్ ఆరన్ ఒక్కడు. ఆయనా ఎడమచేతి వాటం బ్యాటర్‌లా నిలబడి ఉంటాడు. ఆరన్ కుడిచేత్తో ఆడేవాడని బేస్‌బాల్ చూసేవాళ్ళందరికీ తెలుసు. టాప్స్ కంపెనీ 1957లో వేసిన కార్డు అది. ఫొటో నెగెటివ్ తిరగేసి అచ్చేశారు. పట్టుకోవడం పెద్ద కష్టం కూడా కాదు, చొక్కా మీద ఆయన నంబరు 44 అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉంటుంది. ఆ ఏడే ఆయన జట్టు మిల్వాకీ బ్రేవ్స్ సీజన్ చివరి ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది, రెండు పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు ఆయనకే వచ్చింది. అంతటి మనిషి కార్డే తలకిందులు చేసి వదిలారు, మళ్ళీ దిద్దలేదు.

నేను పోగేసేవి ఇవే, తప్పున్న కార్డులు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇతరులు చేసిన తప్పులు పట్టుకోవడమే నా పని. "ఇంటికొచ్చాక కూడా అదేనా!" అంటారు మా ఆయన. అదే అనుకోండి. కాకపోతే ఆఫీసులో నేను పట్టుకున్న తప్పు రెండు రోజుల్లో దిద్దేస్తారు, దాని ఆనవాలు కూడా మిగలదు. కార్డు మీద తప్పు అరవై ఏళ్ళయినా అక్కడే ఉంటుంది.

తప్పు కార్డంటే చాలా ఖరీదు ఉంటుందనుకుంటారు చాలామంది. అన్నీ అలా కాదు. కంపెనీ తప్పు గమనించి మధ్యలో ముద్రణ ఆపి, సరిదిద్ది మళ్ళీ వేస్తే, దిద్దకముందు బయటికి పోయిన కాసిని కార్డులూ అరుదైపోతాయి. వాటికే ధర. వందేళ్ళ కిందటి సిగరెట్ పెట్టెల కార్డుల్లో ఫిలడెల్ఫియా ఆటగాడు షెరీ మాగీ పేరు అక్షరాలు తప్పుపడ్డాయి. త్వరలోనే దిద్దారు కనక, ఆ తప్పు కార్డు ఇవాళ నాబోటి వాళ్ళకి అందేది కాదు. అదే వరసలోని హోనస్ వాగ్నర్ కార్డు 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకి అమ్ముడుపోయింది. దానిలో తప్పేమీ లేదు, దొరకదంతే.

కంపెనీ అసలు దిద్దనే దిద్దకపోతే? అప్పుడు ఉన్న కార్డులన్నీ తప్పువే. తప్పే ఒప్పయి కూర్చుంటుంది, ధర మామూలు కార్డు ధరే. జాబితాల్లో వాటి పక్కన యూఈఆర్ అని మూడక్షరాలు వేసి ఊరుకుంటారు, దిద్దని తప్పు అని. కార్డ్ షోలలో డీలర్లు బల్లల కింద పెట్టే అట్టపెట్టెల్లో ఇవి కామన్స్‌తో, అంటే మామూలు ఆటగాళ్ళ చవక కార్డులతో, కలిసిపోయి పడుంటాయి. నాకు కావలసినవి అవే. కొనడానికి జేబు చూసుకోనక్కర్లేదు, పైగా వాటిలో ఉన్నంత కథ ఖరీదైన వాటిలో ఉండదు.

నాకు బాగా ఇష్టమైనది 1969 టాప్స్ వరసలో 653వ కార్డు. కాలిఫోర్నియా ఏంజెల్స్ జట్టు, ఆరెలియో రోడ్రిగెజ్ అని పేరు, కింద థర్డ్ బేస్ అని, మైదానంలో ఆయన ఆడే చోటు, రాసి ఉంటుంది. బొమ్మలో కుర్రాడు మాత్రం రోడ్రిగెజ్ కాదు. లెనార్డ్ గార్సియా అని, ఆ జట్టు బ్యాట్ బాయ్, ఆటగాళ్ళకి బ్యాట్లు అందించే పిల్లవాడు. ఆ కాలంలో ఫొటోగ్రాఫర్లు మైదానం చుట్టూ తిరుగుతూ డజన్ల కొద్దీ ముఖాలు తీసుకుపోయేవారు. కొత్తగా వచ్చినవాడి ముఖం ఆఫీసులో ఎవరికి గుర్తుంటుంది? కావాలనే ఆటపట్టించారని కూడా చెప్పుకుంటారు గానీ, నాకు పొరపాటనే అనిపిస్తుంది.

ఇంకో సంగతేమిటంటే అది రోడ్రిగెజ్ రూకీ కార్డు, మొట్టమొదటిది. మెక్సికో నుంచి వచ్చి, అమెరికా పెద్ద లీగ్‌లో నిలదొక్కుకుంటున్న రోజుల్లో, ఊరివాళ్ళకి చూపించుకోవడానికి దొరికిన మొదటి కార్డు మీద ఇంకొకరి ముఖం! ఆయనేమనుకున్నాడో నేను చదవలేదు, నేనైతే వారం రోజులు అన్నం మానేసేదాన్ని. తర్వాత ఆయన తక్కువవాడేం కాలేదు. థర్డ్ బేస్ నుంచి ఆయన విసిరే బంతి వేగం గురించి అప్పటి వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. అదే చోట ఆడే బ్రూక్స్ రాబిన్‌సన్ 1960 నుంచి 1975 దాకా ఒక్క ఏడాదీ వదలకుండా పదహారుసార్లు గోల్డ్ గ్లవ్, అంటే ఫీల్డింగ్‌కి ఇచ్చే అవార్డు, తీసుకున్నాడు. 1976లో ఆ వరస తెంచింది రోడ్రిగెజే. 2000లో డెట్రాయిట్‌లో కారు గుద్ది చనిపోయాడు. రూకీ కార్డులంటే పడిచచ్చే లోకంలో ఈయన రూకీ కార్డుకి మాత్రం గిరాకీ లేదు. నేను కొన్న కాపీకి మూలలు కూడా బాగానే ఉన్నాయి, తొమ్మిది జేబుల పేజీలో సరిగ్గా మధ్య జేబులో పెట్టాను.

అదే ఏంజెల్స్ జట్టుకి 1985లో మళ్ళీ అదే జరిగింది. గ్యారీ పెటిస్ అని అయిదు గోల్డ్ గ్లవ్‌లు గెలిచిన సెంటర్ ఫీల్డర్. కార్డు మీద ఉన్నది ఆయన తమ్ముడు లిన్. మా అబ్బాయి ఆ కార్డు చూసి "అమ్మా, వీడెవడో మా క్లాసులో పిల్లాడిలా ఉన్నాడే" అన్నాడు. చూడంగానే తెలుస్తోంది. టాప్స్ ఆఫీసులో మా అబ్బాయి లాంటివాడు ఒక్కడుంటే సరిపోయేది.

ల్యూ బర్డెట్ సంగతి వేరు, అది పొరపాటు కాదు, కొంటెతనం. కుడిచేతి పిచ్చర్ ఆయన, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. 1957 వరల్డ్ సిరీస్‌లో మూడు ఆటలు గెలిపించి బ్రేవ్స్‌ని నిలబెట్టినవాడు. 1959 కార్డు కోసం ఫొటో తీస్తుంటే గ్లవ్ కుడిచేతికి తగిలించుకుని, ఎడమచేత్తో బంతి విసరబోతున్నట్టు నిలబడ్డాడు. ఫొటోగ్రాఫర్‌కి అనుమానం రాలేదు, ఎడిటర్‌కీ రాలేదు. చాలదన్నట్టు పేరులోనూ ఒక అక్షరం మార్చి "లూ" అని వేశారు.

మా ఆయనకి తెలిసిన ఒకే ఒక్క కార్డు 1989లో ఫ్లీర్ కంపెనీ వేసిన బిల్లీ రిప్కెన్ కార్డు. బ్యాట్ భుజాన వేసుకుని నవ్వుతుంటాడు, బ్యాట్ పిడి అడుగున పచ్చి బూతు రాసుంది. ఇక్కడ రాయను, అడక్కండి. గోల మొదలయ్యాక ఫ్లీర్ దాన్ని కప్పెట్టడానికి పడిన పాట్లు చూడాలి. ఒకసారి దాని మీద నల్ల గడి అచ్చేశారు, ఒకసారి తెల్లరంగు, ఒకసారి గీతలు గీకేశారు. దాంతో ఒక కార్డు కాస్తా ఒక కుటుంబం అయింది. కంపెనీ కావాలనే వదిలిందని అనుమానపడేవాళ్ళు ఉన్నారు. ఆ బూతు తన బ్యాటింగ్ ప్రాక్టీసు బ్యాట్‌కి గుర్తుగా తనే రాసుకున్నానని రిప్కెన్ ఏళ్ళ తర్వాత ఒప్పుకున్నాడు. నా దగ్గర నల్ల గడిది ఉంది, చాలు. కంపెనీలు లెక్కాపత్రం లేకుండా అచ్చేసిన కాలం అది. ఆ ఏళ్ళ కార్డులు ఇప్పుడు డబ్బాలకి డబ్బాలు ఊరికే ఇచ్చేస్తుంటారు. వాటిలో తప్పులు వెతకడం నాకంత రుచించదు. అంత అచ్చేస్తే తప్పులు రాక ఏం చేస్తాయి?

ఇప్పుడు నేను వెంటపడుతున్నది 1974 శాండియాగో పాడ్రేస్ జట్టు కార్డులు. అంతకుముందు టాప్స్ కార్డుల్ని సీజన్ పొడుగునా విడతలుగా వదిలేది. 1974లో మొదటిసారి మొత్తం 660 ఒకేసారి వేసింది, అంటే సీజన్ మొదలవకముందే అన్నీ తయారైపోవాలి. సరిగ్గా అప్పుడే పాడ్రేస్ జట్టుని అమ్మేసి వాషింగ్టన్ తరలిస్తారని ఖాయమైనట్టే కనిపించింది. కొత్త జట్టుకి పేరింకా పెట్టలేదు కనక, కార్డుల మీద ఒట్టి వాషింగ్టన్, నేషనల్ లీగ్ అని వేసేశారు. జనవరిలో మెక్‌డొనాల్డ్స్ అధిపతి రే క్రాక్ వచ్చి జట్టుని కొని శాండియాగోలోనే ఉంచేశాడు. టాప్స్ మళ్ళీ పాడ్రేస్ అని మార్చి వేసుకుంది. అలా ఎప్పుడూ లేని జట్టుకి ఆటగాళ్ళ కార్డులు మిగిలాయి. నేను చెప్పిన తప్పు కార్డుల్లో ఇదొక్కటే అచ్చేసిన రోజున తప్పు కాదు, తర్వాత తప్పయింది.

మామూలు ఆటగాళ్ళ వాషింగ్టన్ కార్డులు కొన్ని దొరికాయి. చిక్కల్లా విలీ మెకోవీతోనే. హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప ఆటగాళ్ళకిచ్చే గౌరవం) మనిషి కావడంతో అమ్మేవాళ్ళు కిందికి దిగరు. మొన్న ఒకాయన దగ్గర వెనక వైపు, అప్పట్లో కార్డుల ప్యాకెట్లో కలిపి ఇచ్చిన చూయింగ్ గమ్ మరక ఉన్నది కనిపించింది. మరక వల్ల ధర తగ్గించమన్నాను. మరకే అసలు అందం అన్నాడు. ఆయన ఇంకొంచెం దిగేదాకా బేరం ఆడుతూనే ఉంటాను.