పాకాల నిండింది, మా ఊరి చెరువు నిండలేదు

సద్దుల బతుకమ్మ రెండు రోజులుందనగా అమ్మ ఫోన్ చేసింది. "వానలు మంచిగనే పడ్డయి గని మన చెరువు సగం గూడ నిండలే బిడ్డా. బతుకమ్మలు యాడ వెయ్యాల్నో ఏమో!" అంది. పాకాల చెరువు నిండి మత్తడి పోస్తోందని ఆ రోజు పొద్దున్నే పేపర్లో చదివాను. మా ఊరికి పాకాల ఎంతో దూరం లేదు. పడింది ఒకటే వాన. మనసాగక తెల్లారే తమ్ముణ్ని తీసుకుని హనుమకొండ నుంచి బండి మీద బయల్దేరాను.

నర్సంపేట రోడ్డు మీద గంగదేవిపల్లి దగ్గర టీ తాగాం. 1982లోనే ఊరంతా కలిసి సారా మాన్పించిన పల్లె ఇది. ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడ్డ ఊరు శుద్ధి ప్లాంటు పెట్టుకుంది, 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం తెచ్చుకుంది. ఒక్కో పనికి ఒక్కో కమిటీ, నీళ్లకూ ఒకటి. ఆ మాట అప్పుడు మామూలుగా విన్నాను. సాయంత్రానికి గాని దాని విలువ తెలియలేదు.

పాకాల కట్ట ఎక్కేసరికి పది దాటింది. కట్ట మీద నిలబడితే ఎదురుగా నీళ్లు, వాటి వెనక అడవి, అడవి వెనక గుట్టలు. గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి ఈ చెరువు కట్టించాడని శాసనం చెబుతోంది. ఎనిమిది వందల ఏళ్లు! గుట్టలే మూడు వైపులా గోడలైతే, నాలుగో వైపు రెండు గుట్టల నడుమ సందును మట్టికట్టతో మూశారు. ఎక్కడ తక్కువ మట్టితో ఎక్కువ నీళ్లు ఆగుతాయో ఆ చోటే వెతికి పట్టుకున్నారు. మత్తడి దూకిన నీళ్లు వాగై, మున్నేరై, ఖమ్మం మీదుగా కృష్ణలో కలుస్తాయి. నేను చాలాసేపు ఆ నురగనే చూస్తూ కూర్చున్నాను. పైనున్న అడవిని 1952లోనే అభయారణ్యం చేశారు. గుట్ట మీద పడ్డ చినుకు చెరువుదాకా రావడానికి దారిలో అడ్డం ఏదీ లేదు. పాకాల నిండక ఏమవుతుంది?

మా ఊరు చేరేటప్పటికి ఎండ వాలింది. చెరువు నడుమ నీళ్లున్నాయి, ఒడ్డున పగిలిన మట్టి. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకంలో పూడిక తీసిన చెరువే ఇది. ఆ మట్టిని ట్రాక్టర్లతో మా మిరప చేనుకు తోలించినప్పుడు నాన్న ముఖంలో కనిపించిన వెలుగు నాకింకా గుర్తుంది. లోతు పెరిగింది, కట్ట గట్టిగా ఉంది, తూముకు కొత్త తలుపు. లేనిదల్లా నీళ్లే.

తూము తెరిచి పొలాలకు నీళ్లు వదిలే నీరటి తాతను అడిగాను. ఆయన కర్ర పట్టుకుని ముందు నడిచాడు. చెరువు పైభాగాన కొత్త రోడ్డు దగ్గర ఆగి కింద ఉన్న పైపు చూపించాడు. ఒక్కటే పైపు, అదీ సగం మట్టితో పూడి ఉంది.

"మా అయ్య నాడు ఈడ రెండు బారల కాల్వ బిడ్డా. గుట్ట నీళ్లన్ని గిట్లనే దిగేటియి. రోడ్డేసెటోల్లు నన్ను ఒక్కమాట గూడ అడగలే. ఇప్పుడు నీళ్లు రోడ్డెంబడి పోయి అవతల పత్తి చేన్లు ముంచుతున్నయి."

ఆ రోడ్డు మీద నాకు కోపం రాలేదు. నాన్నకు గుండెనొప్పి వచ్చిన రాత్రి ఆటో బురదలో దిగబడింది. ఆ రోడ్డు కోసం మా వాడకట్టంతా తిరిగాం. రోడ్డు కావాలి, కాలువా కావాలి. అక్కడ పైపు బదులు వెడల్పాటి కల్వర్టు కడితే రెండూ ఉండేవి.

"బోర్లున్నయి గదా తాతా" అన్నాడు తమ్ముడు. 2018 జనవరి నుంచి సేద్యానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చాక తూము కోసం ఎదురుచూసేవాళ్లు మా ఊళ్లో తగ్గిపోయారు. ఆ కరెంటు మా వరిని కూడా బతికించింది, కాదనను. కానీ చెరువు ఇంకించిన నీళ్లనే కదా బోరు తోడేది! తాత ఏమీ అనకుండా కట్ట కింది బావి దగ్గరికి తీసుకెళ్లి లోపలికి చూడమన్నాడు. వానాకాలం పోకముందే రాళ్లు తేలి ఉన్నాయి.

రాత్రి తమ్ముడు టేపు తెచ్చి కాలువ పాత గట్ల మధ్య వెడల్పు కొలిచాడు, నేను టార్చి పట్టుకున్నాను. ఇంటికొచ్చి పంచాయతీకి దరఖాస్తు రాశాం: పైపు తీసి కల్వర్టు కట్టాలి, చెరువు పైన ఏ పని మొదలుపెట్టినా ముందు నీరటినీ ఆయకట్టు రైతులనూ పిలిచి అడగాలి.

సద్దుల నాడు ఆడవాళ్లం చెరువులో చాలా దూరం నడిస్తే గాని మోకాళ్లలోతు నీళ్లు రాలేదు. బతుకమ్మలు వేసి వచ్చి, సత్తు ముద్దలు పంచుకుంటూ కట్టమైసమ్మ గద్దె దగ్గర కాగితం చేతులు మార్చుకున్నాం. అమ్మే మొదటి సంతకం పెట్టింది. తాతకు రాయడం రాదు. వేలిముద్ర వేసి, దాని పక్కన పేరుతో పాటు 'నీరటి' అని కూడా రాయమన్నాడు.